ఎడమ పక్కకు నడిచిన మేక

పోయిన నెల హోసూరులో ఒక చర్చి యువజనుల కూటానికి నన్ను మాట్లాడమని పిలిచారు. ఈ ప్రాంతంలో తెలుగులో క్రైస్తవ ఫాంటసీ రాసే ఏకైక రచయిత్రి అని పరిచయం చేశారు. ఒక్కరే పరుగెత్తే పందెంలో మొదటి స్థానం ఎవరికి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. నేను రిటైరైన తెలుగు టీచర్ని. నీడలు అమ్ముకునే వర్తకులు, రెక్కలున్న ఎద్దులు, దారి తప్పిన దేవదూతలు ఉండే కథలు హైస్కూలు ఈడు పిల్లల కోసం రాస్తుంటాను. ఎంత దూరం తిరిగినా చివరికి ప్రభువు గుమ్మం దగ్గరే తేలే కథలు. నా పుస్తకాల్లో ఎగరని ప్రాణి అరుదు. పుస్తకాలు మాత్రం అర మీది నుంచి ఇంకా ఎగరలేదు. పైగా నా పేరు సారమ్మ. పుస్తకంలో సారం లేదని రాయదలచుకున్నవాళ్లకు సగం పని నేనే చేసిపెట్టాను.

హోసూరులో తెలుగు మాట్లాడేవాళ్లకు కరువు లేదు, చదివేవాళ్లకే కరువు. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఫోనులో ఇంగ్లీషు. నా పుస్తకం కొన్న పిల్లలు దాన్ని అవ్వ చేతికిచ్చి చదివించుకుంటారు. నేను కుర్రకారు కోసం రాస్తున్నానని అనుకుంటాను, కళ్లద్దాలు సవరించుకుంటూ చదివేది వాళ్ల అవ్వలు. ఆ రోజు కూటంలో ప్లస్ వన్ చదివే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "ఆంటీ, నా కథలో డ్రాగన్ మంచిది. లాస్ట్‌లో మారుమనసు పొందుతుంది. వాక్యంలో డ్రాగన్ అంటే సైతానే కదా, అట్లా రాయొద్దని మా అమ్మ అంటా ఉంది. రాయొచ్చా, రాయకూడదా?" యువజనుల నాయకుడు నా వైపు పరీక్షాధికారిలా చూశాడు. "రాసి చూడు తల్లీ" అన్నాను. జవాబు తెలియనప్పుడు టీచర్లు ఇచ్చే జవాబు అది. నేనుండే క్రిష్ణగిరికి తిరిగి వస్తూ దొరికిన బస్సు ఎక్కితే అది రాయకోట మీదుగా పోయేదైంది. కోట కొండ కిటికీలోకి వచ్చి, కాసేపు ఉండి, వెనక్కి పోయింది. ఆ కొండ కింద నేను మొదటి కథ చెప్పాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే అప్పుడు నా ఎదుట నిలబడింది. తేడా ఏమంటే ఆమెది డ్రాగను, నాది మేక.

మా ఇల్లు రాయకోటకు నడిచిపోయేంత దూరంలో ఉండేది. గుమ్మం పొట్టిది, తల వంచకపోతే దూలం తానే వంచేది. లోపలికి అడుగు పెట్టగానే తడిసిన కంబళి వాసన, దాని వెనక రాగిపిండి వాసన, దానికీ వెనక పిడకల పొగ. వానాకాలం ఈ మూడూ కలిసి నాలుగో వాసన ఒకటి పుట్టేది, దానికి పేరు లేదు, బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే అదే దాని పేరు. కంబళి మా తాత మునెప్పది. ఆయనకు అదే గొడుగు, అదే పరుపు, గొర్రెపిల్ల పుడితే దానికి ఉయ్యాల కూడా అదే. పొద్దున లేవగానే కంబళిని దులిపి, మడిచి భుజాన వేసుకుని, మంద ముందు నిలబడి ఒకసారి పేరు పెట్టి పిలవకుండానే అన్నింటినీ పలకరించేవాడు. రాగిముద్ద ఆయన నమలడు, మింగుతాడు. ఉలవచారు మాత్రం నోట్లో కాసేపు ఉంచుకుని, ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, తర్వాత మింగేవాడు. ఏమి ఆలోచిస్తున్నావు తాతా అంటే, "ఉప్పు" అనేవాడు.

అమ్మ ఆయనకు చెల్లెలి కూతురు. చిన్నప్పుడు క్రిష్ణగిరిలో ఒక మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, యేసయ్యను నమ్ముకుని వచ్చింది. మేనమామ కొడుకైన నాయనతో సంబంధం ముందే అనుకున్నది కాబట్టి పెళ్లి ఆగలేదు, అమ్మ నమ్మకమూ ఆగలేదు. నాయన హోసూరులో అప్పుడప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల దగ్గర కూలిపనికి పోయి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోయేవాడు. దేవుడి విషయంలోనూ ఆయన పద్ధతి అదే. ఆదివారం అమ్మ వెంట చర్చికి, సోమవారం బస్సెక్కే ముందు తాత వెంట మునీశ్వరుడి రాతి దగ్గరికి. ఇద్దరినీ నొప్పించలేదు, ఇద్దరు దేవుళ్లనూ నొప్పించలేదని ఆయన నమ్మకం.

సాయంత్రం దీపం పెట్టగానే అమ్మ బైబిలు తెరిచి వాక్యం పైకి చదివేది. తాత గోడకానుకుని కదురు తిప్పుతూ ఉన్ని వడికేవాడు. వినడం లేదన్నట్టే ఉండేవాడు. గొర్రెల మాట వస్తే మాత్రం కదురు ఆగేది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి మిగతా మందనంతా వదిలి వెతకబోయిన కథ అమ్మ చదివిన రోజు నాకింకా గుర్తుంది.

"వదిలిపోయినాడా? యాడ వదిలినాడు?"

"అడవిలో మామా."

"ఎవుని చేతికిచ్చి పోయినాడు?"

"అదంతా రాయలేదు మామా."

"రాయకుంటే ఎట్లమ్మా? ఒకదానికి పోయి అన్నింటినీ నక్కలకు పెట్టినాడంటే వానికి కూలి ఎవుడిస్తాడు?"

"దేవుడు చూసుకుంటాడు మామా."

"అట్లయితే నా మందను గూడా చూసుకోమను. రేపు నేను ఎండెక్కేదాకా పండుకుంటాను."

అమ్మ నవ్వు ఆపుకుంటూ పేజీ తిప్పేది. తాత ఎప్పుడూ చర్చి గడప తొక్కలేదు. అయితే మరుసటి రోజు సాయంత్రం కదురు పట్టుకుని కూర్చుంటూ, "ఆ గొర్రి దొరికిందా?" అని అడిగాడు. దొరికిందని అమ్మ చెబితే, "అదృష్టం" అని, మళ్లీ వడకడం మొదలుపెట్టాడు.

మేక సంగతి చెప్పాలంటే ముందు గొర్రె సంగతి చెప్పాలి. గొర్రె ముందు నడవదు. ముందున్న గొర్రె కూడా తన ముందు ఎవరున్నారా అని వెతుక్కుంటుంది. నీళ్లు కనిపిస్తే మంద మొత్తం గట్టు మీద ఆగిపోతుంది, కొట్టినా తిట్టినా కదలదు. అందుకని మా వాళ్లు గొర్రెల మందలో ఒక మేకను ఉంచి, మెడలో గంట కట్టి, దాన్ని ముందు నడిపిస్తారు. కాపరి వెనక నడుస్తాడు, మేక ముందు నడుస్తుంది, మధ్యలో గంట చప్పుడును నమ్ముకుని గొర్రెలు నడుస్తాయి. కోతలయ్యాక కావేరిపట్టణం వైపు రైతులు, పొలంలో మంద పెట్టి ఎరువు పడనీయమని తాతను పిలిచేవాళ్లు. దారిలో ఏరు దాటాలి. మా మేక దిగేది, మంద దిగేది. పెద్ద కొమ్ములు, తెల్ల గడ్డం, పని చేయకుండా చేయిస్తున్నట్టు కనిపించే నడక. తాత దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. నాయన కూలిపని చేసేచోట ఉన్న మేస్త్రికి ఈ సంగతి చెప్పొద్దని అమ్మ ఆయనకు ప్రత్యేకంగా చెప్పి పంపింది.

రాయకోట చర్చిలో పొద్దున తమిళ ఆరాధన, మధ్యాహ్నం తిరిగాక తెలుగు కూటం. గుడి తమిళంవాళ్లది, మేము మిగిలిన వేళలో వాడుకునేవాళ్లం. ఊళ్ల నుంచి నడిచి వచ్చే ఆడవాళ్లు ఆలస్యమవుతుందేమోనని భయపడి మరీ ముందుగా వచ్చేసేవాళ్లు. వాళ్లు వక్కాకు నములుతూ నీడన కూర్చుంటే, పిల్లలం ఎండకు కాగిన రాతి మెట్ల మీద కాళ్లు కాల్చుకుంటూ ఉండేవాళ్లం. ఆ ఖాళీలో నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకు మొదలైందో గుర్తులేదు. ఎవరో చంటిపిల్లవాడి ఏడుపు ఆపడానికే అయ్యుంటుంది. ఏడుపు ఆగింది, కథ ఆగలేదు. ఆదివారం తర్వాత ఆదివారం సాగింది. ఉండిపోయిన తమిళ పిల్లలు కూడా వచ్చి చేరారు. వాళ్ల కోసం మధ్యమధ్య తమిళం కలిపి చెప్పేదాన్ని.

కోట కొండ అడుగున ఒక దేశం ఉంది. అడుగున ఉంది కాబట్టి అడుగుదేశం. అక్కడ ఏదైనా అడిగితేనే దొరుకుతుంది కాబట్టి కూడా అడుగుదేశం. ఇప్పుడైతే ఇలాంటి పేరుకు రెండు పేజీల ముందుమాట రాసి పాఠకుల్ని విసిగిస్తాను, అప్పుడు పిల్లలు ఒప్పేసుకున్నారు. ఆ దేశంలో గొర్రెలు మాట్లాడతాయి. వాటి కాపరి రాజు, ఏటికి అవతల, వెలుగు గేటు వెనక ఉంటాడు. గొర్రెలకు ఆయన గొంతు తెలుసు, ఆ గొంతు వింటే వస్తాయి. అయితే ఏటికి ఇవతల గొంతుదొంగ ఒకడున్నాడు. వాడికి నోరు లేదు, అందరి గొంతులూ దొంగిలించి సంచిలో వేసుకుని తిరుగుతాడు. ఒకరోజు రాజు గొంతు కూడా దొంగిలించాడు. ఇక ఎవరు పిలిచినా గొర్రెలు నమ్మలేవు, పిలిచేది రాజో దొంగో తెలియదు. చీకటి పడుతోంది, ఏరు పొంగుతోంది. గొంతును దొంగిలించినవాడు గంటను దొంగిలించడం మరిచిపోయాడు. మందలో ఒక్క మేక ఉంది, దాని మెడలో గంట ఉంది. మేక పేరు మేస్త్రి.

ఇక్కడిదాకా వచ్చిన ఆదివారం, మెట్ల కింద సైకిలు ఆగిన చప్పుడు నేను వినలేదు. పిల్లల మొహాలు మారడం చూసి వెనక్కి తిరిగాను. ఉపదేశి జకరయ్యగారు హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉపదేశి అంటే పాస్టరుగారికి కింద, మాకు పైన. కోలారు వైపు మనిషి. ఊరూరా సైకిలు మీద తిరిగి తెలుగు కుటుంబాలను కూడగట్టినది ఆయనే. పీఠం ఎక్కితే "చెప్పుచున్నాను" అనేవారు, దిగితే "చెప్తా ఉండాను" అనేవారు. మధ్యలో ఉన్న ఆ ఒక్క మెట్టు మీద ఏ భాష మాట్లాడతారో చూడాలని నాకు చాలాకాలం ఆశ ఉండేది.

ఆయన కోప్పడలేదు. నన్ను పక్కకు పిలిచి, కథ మొదటి నుంచీ చెప్పించుకున్నారు. విని, టవలుతో మెడ తుడుచుకున్నారు.

"బాగుండాది పాపా. ఈసారి క్రిస్మస్ ప్రోగ్రాములో తెలుగు పిల్లలకు గూడా ఒక చోటు ఇస్తామన్నారు తమిళ పాస్టరయ్యగారు. ఇన్నేండ్లకు మొదటిసారి. నీ కథే చెప్పిద్దామనుకుంటా ఉండాను. అయితే ఒకటి మార్చల్ల."

"ఏమయ్యగారూ?"

"మేక. కడపటి దినమున గొర్రెలు కుడి పక్క, పరలోకమునకు; మేకలు ఎడమ పక్క, అగ్నికి. అట్లు వ్రాయబడియున్నది." మెట్టు ఎక్కకుండానే భాష మారింది. "నీ మేక గేటులోకి పోతే ఎట్లా? పొట్టేలు పెట్టుకో. పొట్టేలు వాక్యంలో గౌరవమైన జంతువు."

"పొట్టేలు నీళ్లలోకి దిగదయ్యగారూ."

"నీ కథలో గొర్రెలు మాట్లాడతాయి గదా?"

"మాట్లాడతాయి."

"మాట్లాడే గొర్రెను ఒప్పుకుంటావు, నీళ్లలో దిగే పొట్టేలును ఒప్పుకోవా?"

ఇన్నేళ్లు ఈ రకం కథలు రాస్తూ ఆ ప్రశ్నను ఇంకా మోస్తూనే ఉన్నాను. లేని లోకాన్ని కట్టేటప్పుడు కొన్ని మార్చుకోవచ్చు, కొన్ని మార్చుకోకూడదు. ఏవి ఏవో రాసే చేయి చెబుతుంది, నోరు చెప్పలేదు. ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించారు.

"ఇనమ్మా. మన జనం కొత్తగా నమ్మినోళ్లు. సగం ఇండ్లల్లో ఇప్పటికీ జాతరకు మేకను కోస్తారు. మేక మందను మోక్షానికి తోడుకోని పోయిందని నువ్వు ఆ గుళ్లో నిలబడి చెప్తే, రేపు ఎవురన్నా ఒక మేకను తెచ్చి మెట్ల మీదనే కోస్తే, తమిళ అయ్యగారికి ఎవురు జవాబు చెప్పేది? నేను. తెలుగోళ్లకు వాక్యం తెలీదని ఒకసారి అనిపించుకుంటే ఇంక ఎన్నేండ్లైనా మనకు చోటు దొరకదు."

ఆ మాట నిజమని నాకు ఆ వయసులోనే తెలిసింది. ఒక వైపు మెట్ల మీది పిల్లలు, మేస్త్రి ఏటిలో దిగాడా లేదా అని వారమంతా ఎదురుచూసేవాళ్లు. ఇంకో వైపు మొదటిసారి దొరికిన చోటు. ఇంటికొచ్చి తాతకు చెప్పాను. ఆయన మేక తరఫున మాట్లాడతాడని నా ఆశ. తాత కదురు ఆపాడు.

"పొట్టేలు ముందు పోతాదంటనా? ఎవుడు నమ్ముతాడు?"

"గొర్రెలు మాట్లాడితే నమ్ముతారంట తాతా."

"మాట్లాడితే మాట్లాడనీ. ఏమి మాట్లాడతాది, ఆకలంటాది. పొట్టేలు ఏట్లో దిగడం మాత్రం ఉండదు."

"అట్లయితే మేస్త్రి మంచోడే కదా? రాజు లోపలికి రానిస్తాడు కదా?"

"మేస్త్రి మంచోడని ముందు పోతాడనుకుంటివా?" తాత పడీ పడీ నవ్వాడు. "అటుపక్క గట్టున తుమ్మకాయలు రాలింటాయి, వానికి కావల్సింది అది. మేక మంచిదీ కాదు చెడ్డదీ కాదు. మేక. నీ కథలో మంచోడుగా వుండాడంటే ఆ మేక మనది కాదమ్మయ్యా."

రెండు వైపులా ఓడిపోయి అమ్మ దగ్గరికి పోయాను. "అయ్యగారు చెప్పినట్టు ఇను. ఊరికెనే మన పేరు చెడగొట్టొద్దు" అని, నా తలకు నూనె పెట్టి, మామూలు కంటే గట్టిగా జడ వేసింది. అంతటితో పొట్టేలు ఖాయమైంది. దానికి రాజప్ప అని పేరు పెట్టాను. గంభీరమైన పేరు. పేరులో ఉన్నంత గాంభీర్యం దాని ఒంట్లో లేదని చెబుతున్నప్పుడే తెలిసిపోయేది.

క్రిస్మస్ ప్రోగ్రాం మధ్యాహ్నం పూట. గుడి నిండా రంగు కాగితాలు, సాంబ్రాణి కాదు గాని దానికి చుట్టమైన ఏదో పొగ, పెద్ద డబ్బాల్లో మిక్చరు, రవ్వలడ్లు. తమిళ కుటుంబాలు కుర్చీల్లో, మేము చాపల మీద. ఆదివారం కాబట్టి నాయన కూడా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను పిలిచారు. కొత్త పావడా కాళ్లకు తగులుకుంటుంటే పోయి నిలబడ్డాను. అడుగుదేశం, గొంతుదొంగ, పొంగుతున్న ఏరు, అన్నీ బాగానే వచ్చాయి. "అప్పుడు రాజప్ప అనే పొట్టేలు ముందుకు వచ్చింది" అన్నాను.

"మేస్త్రి యాడ?" ముందు చాప మీది నుంచి ఒక గొంతు.

"పొట్టేలు నీళ్ల వైపు చూసింది..."

"మేస్త్రిని ఏం జేసినావక్కా?"

"కోసేసినారా?"

ఆ చివరి మాటకు చంటివాడొకడు ఏడుపు అందుకున్నాడు. తమిళ పిల్లలు కూడా "మేస్త్రి ఎంగే?" అని మొదలుపెట్టారు. కుర్చీల్లో పెద్దలు నవ్వుతూ ఒకరినొకరు అడుగుతున్నారు, ఎవరీ మేస్త్రి అని. అమ్మ తల వంచుకుంది. జకరయ్యగారు పక్క బల్ల మీది నుంచి లేచారు. నన్ను కూర్చోబెడతారనే అనుకున్నాను. ఆయన గుడి నిండా ఉన్న ఆ గోలను కాసేపు చూశారు. ఊరూరా సైకిలు తొక్కిన మనిషి, తెలుగు పిల్లలు ఇంత గొంతు పెట్టి ఏదైనా అడగడం ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు. "పిలువు ఆ మేకను. గేటు దగ్గర మాత్రం జాగ్రత్త."

నేను మేస్త్రిని పిలిచాను. చప్పట్లు కొట్టారు పిల్లలు. గంట మోగింది, మేస్త్రి ఏటిలో దిగాడు, ఎందుకు దిగాడో నేను చెప్పలేదు, తుమ్మకాయల సంగతి దాచాను. వెనక మంద దిగింది. గొంతుదొంగ సంచి విప్పి వంద రకాలుగా పిలిచాడు, ఎవరూ తిరగలేదు. వెలుగు గేటు తెరుచుకుంది. రాజు సింహాసనం మీద ఉన్నాడు. దూత నిలబడి గొర్రెలు కుడి పక్క, మేకలు ఎడమ పక్క అని చాటాడు. అంతా రాసి ఉన్నట్టే. మేస్త్రి ఎదురు చెప్పలేదు. గంట మోగించుకుంటూ ఎడమ పక్కకు నడిచాడు. జకరయ్యగారి భుజాలు వదులయ్యాయి. కథ అక్కడ ఆపేస్తే సరిపోయేది.

అయితే ముందు చాప మీద కూర్చున్నవాళ్లలో సగం మంది గొర్రెల ఇళ్ల పిల్లలు. వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. గంట ఎడమ పక్క మోగితే గొర్రెలు ఏం చేస్తాయి? నేను వేరే విధంగా చెప్పాలన్నా నోరు రాలేదు. మొదటి గొర్రె ఎడమకు తిరిగింది. దాని వెనకది తిరిగింది. దూత కుడి కుడి అని అరుస్తూనే ఉన్నాడు. మంద మొత్తం మేస్త్రి వెనక ఎడమ పక్కకు పోయి నిలబడింది. రాజు కుడి పక్కకు చూశాడు, ఎవరూ లేరు. ఎడమ పక్కకు చూశాడు, అందరూ ఉన్నారు.

"రాజు లేచినాడు" అన్నాను. తర్వాత ఏమవుతుందో నాకు తెలియలేదు. పోయి చాప మీద కూర్చున్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో ఉన్న తమిళ పాస్టరుగారు వంగి ఏమైందని అడిగితే, జకరయ్యగారు తమిళంలో చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయారు. ఎక్కడ ఆగారో నాకు తెలుసు. తర్వాత ఎవరో హార్మోనియం అందుకున్నారు, పాట మొదలైంది, మిక్చరు పంచారు. ఇంటి దారిలో అమ్మ ఒక్కటే మాట అంది. "ఇంక కథలు చాలు. వచ్చే వారం అయ్యగారు ఏమంటాడో, మనకు ఆ చోటు మళ్లీ ఇస్తారో లేదో." నాయన మాత్రం వెనక నడుస్తూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. సోమవారం బస్సెక్కే ముందు తాతకు కథంతా చెప్పి పోయినట్టున్నాడు. ఆ సాయంత్రం తాత కదురు ముందు కూర్చుని, "అది నిజంగా మన మేకే" అన్నాడు.

ఆ దారిలో బస్సులో వస్తూ చూశాను, ఇప్పుడు మందలు లేవు. మంద పెట్టిన పొలాల్లో ప్లాస్టిక్కు పందిళ్ల కింద గులాబీలు పూస్తున్నాయి. ఎరువు మూటల్లో వస్తుంది. గొర్రెల ఇళ్ల మనవలు మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని షిఫ్టు బస్సుల కోసం నిలబడతారు, బస్సు హారను కొడితే ఒకరి వెనక ఒకరు ఎక్కుతారు. అప్పుడు నేను దేవదూత అంటే ఏమిటో మా వాళ్లకు వివరించాల్సి వచ్చేది, మేకను వివరించే పని ఉండేది కాదు. ఇప్పుడు తారుమారైంది. రెక్కలు, కత్తులు, మంట ఊదే జంతువులు, ఏది రాసినా పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. మంద ముందు మేక నడుస్తుందని రాస్తే, ఇది మీరు కల్పించారా ఆంటీ అని అడుగుతారు. నా పుస్తకాలు అచ్చుకు పోయే ముందు ఇప్పుడు కూడా ఒకరు సిద్ధాంతం సరిగా ఉందా అని చూస్తారు. మర్యాదస్తులే. అభ్యంతరాలు వాట్సాప్‌లో పంపుతారు, కింద చేతులు జోడించిన బొమ్మ ఉంటుంది. నా కథ ఆపాలంటే అప్పట్లో ఒక మనిషి ఎండలో సైకిలు తొక్కి రావలసి వచ్చేది. వచ్చినవాడు కథ మొదటి నుంచీ వినేవాడు.

మరుసటి ఆదివారం అమ్మ నన్ను కూటానికి తీసుకుపోవాలా వద్దా అని చాలాసేపు తటపటాయించింది. చివరికి తీసుకుపోయింది. నేను మెట్ల వైపు పోకుండా ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. పిల్లలు వచ్చి చేయి పట్టుకుని లాగారు. లాక్కుపోతుండగానే జకరయ్యగారి సైకిలు వచ్చింది. ఆయన మామూలుగా కూటం వేళకు గాని వచ్చేవారు కాదు. ఆ రోజు ఆడవాళ్లు ఇంకా వక్కాకు మొదటి విడత కూడా ఉమ్మలేదు.

సైకిలు గోడకు ఆనించి నా దగ్గరికి వచ్చారు. అమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"రాజు లేచినాడంటివే పాపా."

"అవునయ్యగారూ."

"లేచి, ఆ పక్కకు పోయినాడా? గొర్రెల్ని ఈ పక్కకు పిలిచినాడా?"

"పిలిస్తే రావయ్యగారూ, గొంతు పోయింది కదా."

"అవును, గొంతు పోయింది." ఆయన టవలుతో మెడ తుడుచుకుని, కొంచెం సేపు కోట కొండ వైపు చూశారు. "వారమంతా తమిళ అయ్యగారూ నేనూ ఇదే మాట్లాడుకుంటా ఉండాము. ఆయనొకటి అంటాడు, నేనొకటి అంటాను. నువ్వేమంటావు?"

"నేనింకా అనుకోలేదయ్యగారూ."

అమ్మ ఏదో అనబోయింది. ఆయన చేత్తో వారించి, టవలు విదిలించి, కాగిన రాతి మెట్టు మీద పరుచుకుని, పిల్లలకంటే ఒక మెట్టు కిందనే కూర్చున్నారు. వెనకనున్న తమిళ పిల్ల ఒకతి తల పక్కకు జరపమని ఆయన భుజం తట్టింది. ఆయన జరిపారు.

"సరి, చెప్పమ్మా" అన్నారు.

ఏం చెప్పాలో అప్పటికీ నాకు తెలియదు. మొదలుపెట్టాను.